సౌర ఫలకానికి, చిప్‌కు ఆయువుపట్టు పైపొర – సిలికాన్ ఉపరితల శుద్ధి, నిష్క్రియీకరణ

ప్రత్యేక వ్యాసం

సౌర విద్యుత్ ఫలకాల టెండరు పత్రాలలోను, తయారీ సంస్థల పత్రికా ప్రకటనలలోను పెర్క్, టాప్‌కాన్, హెటిరోజంక్షన్ అనే మాటలు కొన్ని సంవత్సరాలుగా తరచుగా కనిపిస్తున్నవి. వీటిని మూడు వేర్వేరు పదార్థాల పేర్లుగా భావించి వార్తలు వ్రాయడం పరిపాటి అయినది. వాస్తవానికి ఈ మూడింటిలోను మూల పదార్థం ఒక్కటే. అది సిలికాన్. ఆ సిలికాన్ పలక ఉపరితలాన్ని ఏ విధంగా శుద్ధి చేసి, ఏ పొరతో కప్పినారు అన్నదానిలోనే ప్రధానమైన తేడా ఉన్నది. ఈ పనిని శాస్త్ర పరిభాషలో ఉపరితల నిష్క్రియీకరణ అంటారు. పరిశ్రమలో అందరి నోట వినిపించే మాట పాసివేషన్.

పలక మందంలో వెయ్యవ వంతు కూడా ఉండని ఈ పొర మీదనే ఒక సౌర ఫలకం 25 సంవత్సరాల పాటు ఇవ్వవలసిన విద్యుత్తు ఆధారపడి ఉంటుంది. ఈ పొర వేయడానికి ముందు పలకను కడిగే రసాయనాలలో ఒకటైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కార్మికుల ప్రాణానికి, పరిసర గ్రామాల నీటికి సంబంధించిన విషయం. కనుక సౌర, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలకు అనుమతులు ఇచ్చే అధికారులకు, వాటిపై వార్తలు వ్రాసే పాత్రికేయులకు ఈ ప్రక్రియపై కనీస అవగాహన అవసరమై ఉన్నది.

జతలేని బంధాలు

సిలికాన్ స్ఫటికంలో ప్రతి పరమాణువు తన చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో బంధం కలిగి ఉంటుంది. స్ఫటికం లోపల ఈ అల్లికలో ఎక్కడా లోటు లేదు. పలకగా కోసినప్పుడు మాత్రం ఉపరితలం మీది పరమాణువులకు పైవైపు పొరుగు లేకుండా పోతుంది. మగ్గం మీద నేసిన గుడ్డను కత్తిరించినప్పుడు అంచున పోగులు ఊడి వ్రేలాడినట్లుగా, ఇక్కడ బంధాలు జత లేకుండా మిగిలిపోతాయి. సిలికాన్ పలక మీద ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 6.8 కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి. శుద్ధి చేయని పలకలో ఇవన్నీ చిక్కులకు నిలయాలే.

సిలికాన్‌పై కాంతి పడినప్పుడు అందులో ఒక ఎలక్ట్రాన్ విడివడి, దాని స్థానంలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ ఒక వైపుకు, ఖాళీ మరొక వైపుకు చేరినప్పుడే విద్యుత్తు లభిస్తుంది. జతలేని బంధం వద్ద ఇవి రెండూ చిక్కుకొని తిరిగి ఒకటైపోతాయి. కాంతి ఇచ్చిన శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. ఉపరితలం ఈ విధంగా విద్యుదావేశాలను హరించే తీరును సెకనుకు ఇన్ని సెంటీమీటర్లు అని కొలుస్తారు. శుద్ధి లేని ఉపరితలం మీద ఇది లక్ష సెంటీమీటర్లకు కూడా చేరవచ్చు. చక్కగా నిష్క్రియం చేసిన ఉపరితలం మీద పదికి లోపుగా ఉంటుంది.

ఈ చిక్కు పాతది. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో 1945లో విలియం షాక్లీ అర్ధవాహకంలోని విద్యుత్ ప్రవాహాన్ని బయటి విద్యుత్ క్షేత్రంతో నియంత్రించడానికి చేసిన ప్రయత్నం విఫలమైనది. ఉపరితలం మీది స్థితులలో ఎలక్ట్రాన్లు చిక్కుకొని, క్షేత్రాన్ని లోపలికి పోనీయకుండా అడ్డుపడుతున్నవని ఆయన సహచరుడు జాన్ బార్డీన్ వివరించారు. అక్కడే 1947 డిసెంబరులో తొలి ట్రాన్సిస్టర్ పనిచేసినది. అయితే అది జర్మేనియంతో తయారైనది. షాక్లీ మొదట తలపోసిన విధానానికి ఉపరితలం అడ్డంకిగానే మిగిలినది.

ప్రమాదవశాత్తు లభించిన పొర

అడ్డంకి తొలగడానికి ఒక పొరపాటు కారణమైనది. బెల్ లేబొరేటరీస్‌లోనే 1955లో కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ అనే పరిశోధకులు హైడ్రోజన్ ప్రవహించే కొలిమిలో సిలికాన్ పలకలను వేడి చేస్తుండగా ఆ వాయువు అనుకోకుండా అంటుకొన్నది. ఏర్పడిన నీటి ఆవిరి కొలిమిలోకి చేరి, పలకల మీద గాజు వంటి సిలికాన్ డయాక్సైడ్ పొర ఏర్పడినది. పాడైనవని పారవేయవలసిన పలకలను వారు పరిశీలించి, ఆ పొర సిలికాన్‌ను కాపాడుతున్నదని గుర్తించినారు. ఈ ఫలితాలు 1957లో ప్రచురితమైనవి.

అదే సంస్థలో పనిచేసిన ఈజిప్టు జాతీయుడు మహమ్మద్ అటాలా బృందం, శుభ్రపరచిన సిలికాన్‌పై వేడితో పెంచిన ఆక్సైడ్ పొర ఉపరితల స్థితులను గణనీయంగా తగ్గిస్తున్నదని 1959లో ప్రకటించినది. కొరియాలో జన్మించిన డావన్ కాంగ్‌తో కలిసి అటాలా రూపొందించిన మాస్ ట్రాన్సిస్టర్ 1960లో వెలుగులోకి వచ్చినది. నేటి ప్రతి మొబైల్ ఫోనులోను కోట్ల సంఖ్యలో ఉండేవి ఈ కోవకు చెందిన ట్రాన్సిస్టర్లే. అదే 1959లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో జాన్ హోర్నీ, ఆక్సైడ్ పొరను తొలగించకుండా పలక మీదనే కాపుగా ఉంచే ప్లేనార్ విధానాన్ని రూపొందించినారు. అంతవరకు ఆ పొరను మలినంగా భావించి తీసివేసేవారు.

జర్మేనియం వెనుకబడి సిలికాన్ ముందుకు రావడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. జర్మేనియం ఆక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. సిలికాన్ ఆక్సైడ్ కరగదు. ఇసుక నీటిలో కరగకపోవడం ఎంతటి ఉపకారమో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకే తెలియాలి.

ఆక్సైడ్ పొర వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. సిలికాన్, ఆక్సైడ్ కలిసే చోట చదరపు సెంటీమీటరుకు సుమారు లక్ష కోట్ల జతలేని బంధాలు ఇంకా మిగులుతాయి. అంటే దాదాపు 680 పరమాణువులకు ఒకటి. పలకను హైడ్రోజన్ కలిసిన వాయువులో 400 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో వేడి చేసినప్పుడు, అతి చిన్నదైన హైడ్రోజన్ పరమాణువు పొరలోనికి చొచ్చుకొనిపోయి ఆ బంధాలకు జత అవుతుంది. అప్పుడు లోపాల సంఖ్య వెయ్యి కోట్ల స్థాయికి, అనగా సుమారు 68 వేల పరమాణువులకు ఒకటిగా తగ్గుతుంది. చిప్‌ల పరిశ్రమ నిలబడినది ఈ సంఖ్య మీదనే.

ఉప్పు చేసిన చేటు

1960వ దశకం ఆరంభంలో మాస్ ట్రాన్సిస్టర్లు ఒక విచిత్రమైన జబ్బుతో బాధపడినవి. ఉదయం ఒక విధంగా పనిచేసిన పరికరం కొద్దిసేపు వేడిమికి గురికాగానే మరొక విధంగా పనిచేసేది. ఆక్సైడ్ పొరలో సోడియం అయాన్లు అటూ ఇటూ కదలడమే ఇందుకు కారణమని ఫెయిర్‌చైల్డ్ పరిశోధకులు 1965లో నిరూపించినారు. సోడియం అనగా మన వంట ఉప్పులోనిదే. చేతి చెమటలో, మామూలు నీటిలో, గాజు పాత్రలలో, కొలిమి గొట్టాలలో అది ఉంటుంది. సిలికాన్ కర్మాగారాలలో పనివారు ఆపాదమస్తకం కప్పుకొని, చేతి తొడుగులు ధరించి కనిపించడానికి ధూళితో పాటు ఈ ఉప్పు కూడా కారణం.

పలకలను కడిగే పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చినది ఆర్‌సీఏ సంస్థకు చెందిన వెర్నర్ కెర్న్. ఆయన 1965లో రూపొందించి, డేవిడ్ పుయోటినెన్‌తో కలిసి 1970లో ప్రచురించిన విధానం ఆర్‌సీఏ క్లీన్ అనే పేరుతో నేటికీ వాడుకలో ఉన్నది. ఇందులో మొదట నీరు, హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా ద్రావణాలను 5:1:1 పాళ్లలో కలిపి, 75 నుండి 80 డిగ్రీల వేడిలో సుమారు 10 నిమిషాలు పలకలను ఉంచుతారు. జిడ్డు, ధూళి కణాలు దీనితో తొలగుతాయి. తరువాత నీరు, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 6:1:1 పాళ్లలో కలిపిన ద్రావణంతో సోడియం, ఇనుము, రాగి వంటి లోహాల జాడలను తొలగిస్తారు. ఈ రెండింటి నడుమ పలకను పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచడం కూడా ఉన్నది. ప్రతి దశ తరువాత అతి శుద్ధమైన నీటితో కడుగుతారు. ఆ నీటిలో లవణాలు ఎంత తక్కువంటే, దాని విద్యుత్ నిరోధకత సెంటీమీటరు ప్రమాణంలో 18 మెగా ఓమ్‌ల వరకు ఉంటుంది. ఇటువంటి నీరు తాగడానికి కాదు, కడగడానికి మాత్రమే. కర్మాగారం అడిగే నీటి కేటాయింపులో పెద్ద వాటా ఈ కడుగుడుకే పోతుంది.

నీరు నిలవని పలక

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సిలికాన్‌ను దాదాపు తాకదు. దాని మీది ఆక్సైడ్‌ను మాత్రం కరిగిస్తుంది. పని పూర్తయినదీ లేనిదీ తెలుసుకొనడానికి పరికరం అక్కరలేదు. ఆక్సైడ్ ఉన్న పలక మీద నీరు పరచుకొంటుంది. ఆక్సైడ్ పోయిన పలక మీద తామరాకు మీద వలె బొట్లుగా జారిపోతుంది. పనిమంతుడైన ఆపరేటరు పలకను పైకి తీస్తూనే గుర్తిస్తాడు.

ఈ ఆమ్లంలో ముంచిన పలక మీద ఫ్లోరిన్ మిగులుతుందని చాలాకాలం భావించినారు. సిలికాన్‌కు ఫ్లోరిన్‌తో ఏర్పడే బంధం అత్యంత బలమైనది కనుక ఆ ఊహ సహజమే. అయితే 1980వ దశకంలో పరారుణ కిరణాలతో జరిపిన పరీక్షలు ఉపరితలం మీద ఉన్నది హైడ్రోజన్ అని తేల్చినవి. ఫ్లోరిన్ తగిలిన సిలికాన్ పరమాణువుకు దాని కింది బంధం బలహీనపడుతుంది. ఆమ్లం ఆ బంధాన్ని తెంచి, ఆ పరమాణువును ఫ్లోరిన్‌తో సహా ద్రావణంలోకి లాగివేస్తుంది. వెనుక మిగిలిన పరమాణువులకు హైడ్రోజన్ జతపడుతుంది. ఎలీ యాబ్లనోవిచ్ బృందం 1986లో ఇటువంటి ఉపరితలాన్ని ఆమ్లంలో ఉండగానే కొలిచి, విద్యుదావేశాలను హరించే వేగం సెకనుకు 0.25 సెంటీమీటరు మాత్రమేనని ప్రకటించినది. లక్షతో పోల్చి చూస్తే ఈ అంకె ప్రాముఖ్యం బోధపడుతుంది.

చిక్కల్లా ఈ హైడ్రోజన్ కాపు నిలవకపోవడమే. గాలి తగిలిన తరువాత అది క్రమేణా పోయి, నాసిరకపు ఆక్సైడ్ దాని స్థానంలో చేరుతుంది. అందుచేత కడిగిన పలకను ఆలస్యం చేయకుండా తరువాతి యంత్రంలోకి పంపవలసి ఉంటుంది. వేచి ఉండే సమయానికి కర్మాగారాలలో గట్టి పరిమితి ఉన్నది.

సౌర ఘటంలో కాపు పొరలు

బెల్ లేబొరేటరీస్‌లో 1954లో తయారైన తొలి సిలికాన్ సౌర ఘటం సామర్థ్యం సుమారు 6 శాతం. నేడు మార్కెట్టులోని ఫలకాలలో 20 శాతం దాటినవి సర్వసాధారణం. సిలికాన్‌తో చేసిన ఒంటి ఘటానికి సిద్ధాంతరీత్యా గరిష్ఠ పరిమితి సుమారు 29.4 శాతం. ఈ పెరుగుదలలో ఉపరితల శుద్ధి వాటా చాలా పెద్దది.

నున్నని సిలికాన్ తనపై పడిన వెలుతురులో మూడవ వంతుకు పైగా తిప్పికొడుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ వంటి క్షారంలో ఉంచినప్పుడు పలక మీద కంటికి కనిపించని చిన్న చిన్న పిరమిడ్లు ఏర్పడి, తిరిగిపోయే వెలుతురు చాలావరకు తగ్గుతుంది. ఆ పైన సుమారు 75 నానోమీటర్ల సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తారు. సౌర ఫలకానికి ఆ ముదురు నీలి రంగు దీనివల్లనే వచ్చినది. ఈ పొరలో పుష్కలంగా ఉండే హైడ్రోజన్, వెండి గీతలను కాల్చే దశలో సిలికాన్‌లోకి దిగి జతలేని బంధాలను మూసివేస్తుంది. ఒకే పొర వెలుతురును పట్టి ఉంచడంతో పాటు నష్టాన్ని కూడా ఆపుతున్నది.

వెనుకవైపు కథ వేరు. చాలాకాలం వెనుక భాగమంతా అల్యూమినియం పూసి సరిపెట్టినారు. లోహం తగిలిన చోటల్లా నష్టమే. వెనుక భాగాన్ని కూడా కాపు పొరతో మూసి, చిన్న చిన్న చోట్ల మాత్రమే లోహం తగిలే విధంగా ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం తయారుచేసిన ఘటం 1989లో 22.8 శాతం సామర్థ్యం చూపినది. పెర్క్ అంటే ఇదే. ప్రయోగశాల నుండి కర్మాగారానికి చేరడానికి దానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. వెనుకవైపుకు తగిన చౌకయైన కాపు లేకపోవడం ఇందుకొక కారణం. అల్యూమినియం ఆక్సైడ్ పొరలో నిలిచి ఉండే రుణావేశం ఎలక్ట్రాన్లను ఉపరితలం దరిదాపులకు రానీయదని 2006 ప్రాంతంలో యూరప్ పరిశోధకులు చూపిన తరువాత మార్గం సుగమమైనది. పది నానోమీటర్ల మందం చాలు.

టాప్‌కాన్‌లో లోహం సిలికాన్‌ను నేరుగా తాకదు. నడుమ ఒకటిన్నర నానోమీటరు మందం గల ఆక్సైడ్, దాని మీద ప్రత్యేకంగా చేసిన సిలికాన్ పొర ఉంటాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ దీనిని 2013లో ముందుకు తెచ్చినది. హెటిరోజంక్షన్‌లో హైడ్రోజన్ నిండిన అస్ఫటిక సిలికాన్ పొర కాపుగా ఉంటుంది. దీనికి 1990వ దశకంలో జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ ఆద్యురాలు.

ఎండలో తేలే నిజం

కర్నూలు జిల్లాలో 2017లో 1,000 మెగావాట్ల సౌర పార్కు పని ప్రారంభించినది. అటువంటి చోట్ల వేసవిలో ఫలకం వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. కాపు పొర బలాబలాలు బయటపడేది అక్కడ. 2010 తరువాత పలు దేశాల సౌర కేంద్రాలలో ఒక లోపం గుర్తింపునకు వచ్చినది. అధిక వోల్టేజి వద్ద పనిచేసే ఫలకాలలో పైగాజు నుండి సోడియం బయలుదేరి నైట్రైడ్ పొరను దాటి సిలికాన్‌ను చేరి విద్యుత్తును కారిపోనిస్తున్నది. వేడి, తేమ కలిసిన చోట ఇది త్వరగా ముదురుతుంది. 1965 నాటి దోషియే మరల దొరికినదన్నమాట. దీనిని పిడ్ అంటారు. ఐఈసీ 62804 ప్రమాణం ఈ పరీక్షకు ఉద్దేశించినది.

మరొకటి లెటిడ్. వెలుతురు, వేడి కలిసినప్పుడు పెర్క్ ఘటాల సామర్థ్యం నెమ్మదిగా తగ్గి, కాలక్రమంలో తిరిగి కోలుకొనే ఈ లోపం 2012లో మొదట వెల్లడైనది. ఇందులో హైడ్రోజన్‌కు ప్రమేయం ఉన్నదని తదుపరి పరిశోధనలు సూచించినవి. మేలు చేసే హైడ్రోజన్ మోతాదు మించితే కీడు చేయగలదు. ఫలకాల కొనుగోలు పత్రంలో సామర్థ్యం శాతంతో పాటు ఈ రెండు పరీక్షల నివేదికలను కోరడం 25 సంవత్సరాల ఒప్పందానికి కనీస జాగ్రత్త. ఒక శాతం అదనపు సామర్థ్యానికి ఇచ్చే ప్రచారంలో పదో వంతు కూడా వీటికి దక్కడం లేదు.

ఆమ్లం విషయంలో జాగ్రత్త

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇతర ఆమ్లాల వంటిది కాదు. పలుచని ద్రావణం చర్మంపై పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. గంటల తరువాత మంట మొదలయ్యే సరికి ఫ్లోరైడ్ లోపలికి దిగి, రక్తంలోని కాల్షియంను బంధించి, గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉన్నది. తక్షణం నీటితో కడగడం, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పూయడం, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తరలించడం ప్రథమ చికిత్స. ఈ జెల్ ఆ విభాగంలో చేతికందే దూరంలో ఉన్నదా, గడువు తీరలేదు కదా అని తనిఖీ చేయడానికి నిమిషం చాలు. సమీప ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులకు ఈ ఆమ్లం వాడకం సంగతి ముందుగా తెలియజేసి ఉంచడం అంతకంటె అవసరం.

దక్షిణ కొరియాలోని గుమి నగరంలో 2012 సెప్టెంబరు 27న ఒక రసాయన కర్మాగారంలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడి ఐదుగురు మరణించినారు. వేలాది మంది చికిత్స పొందినారు. చుట్టుపక్కల పైరులు మాడిపోయినవి, పశువులు అస్వస్థతకు గురైనవి. అక్కడ వెలువడినది నీరు కలపని గాఢ రూపం. సౌర ఘటాల కర్మాగారాలలో సాధారణంగా వాడేది నీటిలో కలిపినది. రెండింటి తీవ్రతలో తేడా ఉన్నప్పటికీ, ట్యాంకరు నుండి దింపే చోట కావలసిన అప్రమత్తతలో తేడా లేదు.

కడిగిన నీరు మరొక సమస్య. అందులోని ఫ్లోరైడ్‌ను తొలగించడానికి సున్నం కలుపుతారు. కాల్షియం ఫ్లోరైడ్ తెల్లని మడ్డిగా అడుగుకు చేరుతుంది. అయితే కాల్షియం ఫ్లోరైడ్ కూడా నీటిలో కొద్దిగా కరుగుతుంది. ఆ కరిగే పరిమాణాన్ని లెక్కిస్తే లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మిగులుతుంది. ఉపరితల జలాలలోకి వదిలే వ్యర్థ జలాలకు పర్యావరణ పరిరక్షణ నిబంధనలు విధించిన సాధారణ పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. కేవలం సున్నపు తొట్టిని చూపి శుద్ధి పూర్తయినదని చెప్పే యాజమాన్యాన్ని, తరువాతి దశ ఎక్కడ అని అడగడం ఈ లెక్క కారణంగానే న్యాయం. ఆ దశలో సాధారణంగా పటిక వంటి అల్యూమినియం లవణాలు వాడుతారు.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించడం తెలుగు నేలకు కొత్త కాదు. తాగునీటి కోసం నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ విధానం ప్రపంచమంతటా ఆ జిల్లా పేరుతోనే ప్రసిద్ధి చెందినది. నల్లగొండలోని ఫ్లోరైడ్ పరిశ్రమల నుండి వచ్చినది కాదు. అక్కడి రాతి పొరల నుండి భూగర్భ జలాలలో కలిసినది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతున్నది. భూగర్భ జలంలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో కొత్త కర్మాగారం వచ్చేటప్పుడు, పని ప్రారంభానికి ముందే చుట్టుపక్కల బావుల నీటిని పరీక్షించి నమోదు చేయవలసిన అవసరం ఇందువల్ల ఏర్పడుతున్నది. ఆ నమోదు లేనిచో పదేళ్ల తరువాత రాయిదా, కర్మాగారానిదా అన్న వివాదానికి ఎవరి వద్దా జవాబు ఉండదు.

పాత్రికేయులు గమనించవలసిన భేదం ఒకటి ఉన్నది. హైదరాబాద్ శివారులో 2006లో ప్రకటించిన ఫ్యాబ్ సిటీకి అనుకొన్న చిప్‌ల కర్మాగారం రాలేదు. ఆ ప్రాంతానికి సౌర పరిశ్రమలు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది సెమీకండక్టర్ ప్యాకేజింగ్ యూనిట్. తయారైన చిప్‌లను తొడుగులలో అమర్చే ప్యాకేజింగ్ యూనిట్, పలకలపై చిప్‌లను తయారుచేసే ఫ్యాబ్, సౌర ఘటాల కర్మాగారం, ఘటాలను ఫలకాలుగా కూర్చే అసెంబ్లీ యూనిట్ – ఈ నాలుగూ వేర్వేరు. ఈ వ్యాసంలో వివరించిన ఆమ్లపు తొట్లు, కాపు పొరల యంత్రాలు ప్రధానంగా ఉండేది ఫ్యాబ్‌లోను, సౌర ఘటాల కర్మాగారంలోను. ఘటాలను కొని తెచ్చి ఫలకాలుగా కూర్చే యూనిట్‌లో పలకలను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కడిగే పని ఉండదు. ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు అది ఈ నాలుగింటిలో ఏ కోవకు చెందినదో మొదట తేల్చుకొన్నచో, నీటి కేటాయింపు ఎంత, వ్యర్థ జలంలో ఫ్లోరైడ్ ఎంత, సమీప ఆసుపత్రిలో సన్నద్ధత ఎంత అనే ప్రశ్నలు ఎవరిని అడగాలో, ఎవరిని అడగనక్కరలేదో స్పష్టమవుతుంది.